మారథాన్‌లో నిదానం పాట

బెనిఫోస్,
అక్టోబరు మొదటివారం.

పరమ పూజ్యురాలు, మౌనవ్రత శిరోమణి, మా మేనత్త సిస్టర్ ఇనెస్ గారి పాదపద్మాలకు మేనల్లుడు నెలో నమస్కరించి వ్రాయునది.

ముందుగా క్షమాపణ. మామూలు క్షమాపణ కాదు, టోపీ తీసి, మోకాళ్ళ మీద నిలబడి చెప్పేది. డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున ముప్పై వేలమంది ఆడా మగా, చాలామంది చెడ్డీలతో, కొందరు అంతకన్నా పొదుపుగా, తమరి మఠం గోడ పక్కనుంచి రొప్పుతూ పోతారు. ఏటా సముద్రం వైపు పోయే వలెన్సియా మారథాన్, పక్క వీధి తవ్వేసి ఉండడంవల్ల ఈసారి మీ వీధిన పడింది. దీనికి బాధ్యుణ్ణి నేనే. గ్రీసులో ఆ మొదటివాడు పరుగెత్తినందుకూ నేనే. దేవుడు ఈ ఊరిని సముద్రం పక్కన దోసె వేసినట్టు చదునుగా పరిచి ప్రపంచంలోని కాళ్ళన్నిటికీ ఆశ పుట్టించినందుకూ నేనే. కాలేజీలో చరిత్ర చదివినవాణ్ణి కాబట్టి చరిత్రలోని తప్పులన్నిటికీ నేను క్షమాపణ చెప్పుకోవడం న్యాయం. ఆ చదువుకి ఇంతవరకు వేరే ఉపయోగం కనబడలేదు.

అసలు సంగతి, మారథాన్ వాళ్ళు నాకు ఒక పసుపు కోటు ఇచ్చి, దారి పొడుగునా వాయించే బ్యాండుల్ని చూసుకోమన్నారు. ఊరికో బ్యాండు వస్తుంది. మన బెనిఫోస్ బ్యాండుకి ముప్పై అయిదో కిలోమీటరు వచ్చింది, మనిషికి తన కాళ్ళు ఎవరో అద్దెకిచ్చినట్టు అనిపించే చోటు. అది సరిగ్గా మీ గోడ కింద. లాటరీలో అలా పడిందనుకుంటాను. ఒట్టు, నా చెయ్యి లేదు.

నాన్నతో చెప్పాను. బ్యాండు మాస్టారు కదా, చెప్పక తప్పదు. మఠం అనే మాట వినబడితే కమలాల తోటలోకి వెళ్ళిపోయే మనిషి ఈసారి కదల్లేదు.

"ఎక్కడైతే ఏంరా. గోడ గోడే," అన్నాడు. అంతే.

హుషారు పాటలే వాయించాలట. మనవాళ్ళు అరబ్బు సైనికుల వేషాలేసి ఊరేగే మూర్ల పండగ పాట మాత్రం వద్దని గట్టిగా చెప్పారు. భుజం భుజం కలిపి ఊగుతూ నడిచే పాటకి ఎవడు పరుగెత్తుతాడు? పైగా మధ్యలో ఆ గొప్ప నిశ్శబ్దం వస్తుంది కదా, డోలు తప్ప బ్యాండంతా ఆగిపోయే చోటు. అక్కడికొచ్చేసరికి పాట అయిపోయిందనుకుని వీళ్ళు రోడ్డు మీదే పడుకుంటారు. ఆ నిశ్శబ్దం రాసిన మహానుభావుడెవరోగాని, విన్నప్పుడల్లా నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పొరుగూరి ఆల్కమోరా వాళ్ళు కూడా మనల్ని చూసి తమ పాటలో ఒక నిశ్శబ్దం పెట్టుకున్నారు, దొంగలు.

ఇట్లు, తమరి పనికిరాని మేనల్లుడు,
నెలో

*

వలెన్సియా, మఠం నుంచి,
అక్టోబరు మూడోవారం.

ఒరేయ్ నెలో,

నీ క్షమాపణ అందింది. ఇక్కడ ఉత్తరాలు భోజనాల దగ్గర పైకి చదువుకుంటాం. చెడ్డీల దగ్గరికి వచ్చేసరికి సిస్టర్ బెనెత చెవుడు వంక పెట్టి మళ్ళీ చదవమంది. మూడోసారి అడిగితే మదర్ గారు గరిటెతో బల్ల మీద కొట్టారు. ఆ పరుగెత్తేవాళ్ళకి ఆ రోజు కమలా ముక్కలు కోసి పెడదామని కూడా ఆవిడే అన్నారు. తలుపు దగ్గర తిరిగే చెక్కపెట్టె ఉంది కదా, అందులోంచే. వాళ్ళు మమ్మల్ని చూడరు, మేం వాళ్ళని చూడం, కమలాలు మాత్రం అటు వెళ్తాయి. పెట్టె దగ్గర కూర్చునేది నేనే కాబట్టి నా చేతులు అప్పుడే జిగురుగా అనిపిస్తున్నాయి.

నీ ఉత్తరం చివరి భాగం మాత్రం నేను పైకి చదవలేదు. దగ్గొచ్చిందని చెప్పి మడిచేశాను.

నెలో, ఆ పాటలో నిశ్శబ్దం లేదు.

ఆ పాట రాసినవాడు అక్కడ క్లారినెట్ రాశాడు. డోలు మీద క్లారినెట్ ఒక్కటే వస్తుంది, మిగతావాళ్ళందరూ ఊరుకుంటారు. నేను వాయించేదాన్ని. నేను వచ్చేశాక ఇంకెవరికైనా ఇచ్చి ఉంటాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పండగ రోజుల్లో ప్రార్థన మధ్యలో మనసు అటు పోతే, 'ఈపాటికి ఎవరో వాయిస్తూ ఉంటారు' అనుకుని లెంపలేసుకునేదాన్ని.

ఎవరూ వాయించడం లేదా? నిజం చెప్పు. హాస్యాలాడకు.

అత్తయ్య

*

బెనిఫోస్,
నవంబరు మొదలు.

అత్తయ్యా,

హాస్యం ఆడటం లేదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మన డోలు తాత కెలో దగ్గరికి వెళ్ళాను. మూర్ల పాటలో నిశ్శబ్దం ఎవరు రాశారు తాతా అంటే చేతిలో డోలు పక్కన పెట్టాడు.

"మీ నాన్న," అన్నాడు.

"పాట రాసింది నాన్న కాదుగా."

"పాట కాదురా సన్నాసీ. నిశ్శబ్దం. మీ అత్త మఠంలో చేరిన వారానికి మాకు పోటీ ఉంది. ఇంకో పిల్లని నిలబెడదామన్నాం. మీ నాన్న కర్ర పైకెత్తి, ఆ చోటు రాగానే కిందకి దించేశాడు. నేనొక్కణ్ణే డోలు కొట్టుకుంటూ నిలబడ్డా, శవం ముందు కొట్టినట్టు. పోటీ పోయింది. మర్నాడు ఎవరూ అడగలేదు. తర్వాతి ఏడూ అంతే. ఆ తర్వాత చేరిన పిల్లలు పాటే అంత అనుకున్నారు. నువ్వు అనుకోలా?"

అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు వచ్చినవాణ్ణి, డిగ్రీ చదివినవాణ్ణి, బ్యాండులో బాకా ఊదేవాణ్ణి. ఒక ఊరు ఊరంతా ఒక మనిషి అలకని సంగీతం అనుకుని ఊగుతోంది.

నాన్నని ఎప్పుడడిగినా 'పోటీకి వారం ముందు వదిలేసిపోయింది' అనే అంటాడు. పోటీ కోసం ఇన్నేళ్ళు ఎవరూ కోపంగా ఉండరు అత్తయ్యా. అసలేం జరిగింది? నేను పుట్టకముందు సంగతి. అమ్మ నన్ను ఏడాదికోసారి, చుట్టాలు వచ్చి చూసే మీ కటకటాల గదికి తీసుకొచ్చేదేగాని, ఈ మాట మాత్రం ఎత్తనిచ్చేది కాదు.

నిన్న మీ పెట్టెలో గుడ్లు పెట్టింది నేనే. గొంతు మార్చి మాట్లాడాను, నువ్వు పోల్చుకున్నావు, "వందనాలు నెలో" అన్నావు, నా పరువు పోయింది. పెళ్ళి రోజున వాన పడకూడదని జనం మీకు గుడ్లు తెచ్చిస్తారు కదా. మారథాన్ రోజున కూడా పడకూడదు. వాన పడితే డోలు తడుస్తుంది, డోలు తడిస్తే నాన్న బ్యాండుని కదలనివ్వడు.

నెలో

*

మఠం నుంచి,
నవంబరు మధ్య.

నెలో,

గుడ్ల సంగతి ముందు. నీ తర్వాత గంటకి ఒక కమలా రైతు వచ్చి వాన కావాలని అన్నే గుడ్లు పెట్టి వెళ్ళాడు. దేవుణ్ణి ఇరకాటంలో పెట్టడం ఇష్టంలేక మదర్ గారు రెండు బుట్టలూ కలిపి బాదం మిఠాయి చేయించారు.

ఇక నువ్వడిగింది.

అమ్మా నాన్నా పోయేనాటికి నేను చిన్నపిల్లని. పెంచింది మీ నాన్న. పొద్దంతా కమలాలు కోసి, ఆ తొక్కల నూనె వాసన చేతుల్తో నా వేళ్ళు పట్టుకుని ఒక్కోటి క్లారినెట్ కన్నాల మీద పెట్టేవాడు. "గట్టిగా ఊదకు, చెప్పు," అనేవాడు. వాయించడం అనేవాడు కాదు, చెప్పడం అనేవాడు. నేను మఠంలో చేరాలనుకున్నప్పుడు ఊరందరికీ చెప్పగలననుకున్నాను, అన్నయ్యకి తప్ప. చెప్తే ఏడుస్తాడు. ఏడిస్తే నేను ఉండిపోతాను. అంచేత తెల్లవారుజామున బస్సెక్కాను. అన్నయ్యకి ఆ సంగతి బేకరీలో తెలిసింది, రొట్టె కోసం వరసలో నిలబడి ఉండగా, ఊళ్ళో ఆడవాళ్ళందరి ముందూ. అది తప్పు. మఠంలో చేరడం తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు.

మొదట్లో ఉత్తరాలు రాశాను. తిరిగొచ్చాయి. మానేశాను.

ఇప్పుడు ఇంకొక సంగతి. ఇది నీ ఒక్కడికే. మేం ఇక్కడ అయిదుగురం మిగిలాం. అందరిలోకీ చిన్నదాన్ని నేనే, నాకే మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. క్రిస్మస్‌కి ముందే ఈ మఠం మూసేస్తారు. మమ్మల్ని గలీసియాలో, ఆ చివర, ఎప్పుడూ వాన పడే ఊళ్ళో ఒక మఠానికి పంపుతున్నారు. రైలెక్కితే ఒక రోజు ప్రయాణం. అరగంట బస్సు దూరంలో ఉన్నన్నాళ్ళూ రానివాడు అక్కడికేం వస్తాడు.

అన్నయ్యకి చెప్పకు. నేను వెళ్ళిపోతున్నానని జాలిపడి వస్తే నాకొద్దు. రావాలనిపిస్తే రావాలి. మాట ఇవ్వు.

అత్తయ్య

*

బెనిఫోస్,
మర్నాడే.

అత్తయ్యా,

మాట ఇచ్చాను. చెప్పను.

ఇంకా ఏదో ఒకటి రాసి నిన్ను నవ్వించాలని కూర్చున్నాను. కాయితాలు చింపడమే అయింది. మేనల్లుడి చేతకానితనానికి మన్నించు. ఇది మాత్రం ఉత్తుత్తి క్షమాపణ కాదు.

నెలో

*

బెనిఫోస్,
మారథాన్ సాయంత్రం.

అత్తయ్యా,

గోడకి అటువైపు నువ్వు ఏం విన్నావో నాకు తెలీదు. ఇటువైపు జరిగింది రాస్తున్నాను. బుర్ర ఇంకా తిరుగుతోంది, వరస తప్పితే ఓర్చుకో.

వాన పడలేదు. మిఠాయి దేవుడికి నచ్చినట్టుంది.

కెన్యా వాళ్ళు ముందొచ్చి ముందే పోయారు. వాళ్ళకి పాటతో పనిలేదు. తర్వాత మనుషులు రావడం మొదలెట్టారు. మనుషులంటే నీకూ నాకూ తెలిసినటువంటివాళ్ళు: చెవుల్లోంచి ఆవిరి వచ్చేవాళ్ళు, పక్కవాడి భుజం పట్టుకుని నడిచేవాళ్ళు, పెళ్ళాం పేరు చొక్కా మీద రాసుకుని ఆవిడే ఎదురుపడినా గుర్తుపట్టలేనివాళ్ళు. నాన్న హుషారు పాటలు వాయిస్తూనే ఉన్నాడు. గోడ వైపు ఒక్కసారి చూడలేదు. మనిషి ఒక దిక్కు చూడకుండా ఉండడానికి అంత కష్టపడగా నేనెప్పుడూ చూడలేదు.

ఒక పాట అయిపోయింది. నాన్న కర్ర ఎత్తి అలాగే పట్టుకున్నాడు. తర్వాత కెలో తాతతో, "మూర్ల పాట," అన్నాడు.

"వద్దన్నారుగా మాస్టారూ."

"నువ్వు కొట్టు."

తాత కొట్టాడు. అత్తయ్యా, ముప్పై అయిదో కిలోమీటరులో ఆ నిదానం డోలు పడితే ఏమవుతుందో మారథాన్ పుస్తకాల్లో రాయరు. ముందు ఒకడి కాళ్ళు తడబడ్డాయి. వాడు మనవైపు కొండ ఊరివాడు. ఆ డోలు వింటే మన మనిషి చంటిపిల్లాడైనా ఊగుతాడు కదా. వాడు పక్కవాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ పక్కవాడు ఇంకో ఊరివాడు, వాడూ వేశాడు. చూస్తుండగానే రోడ్డుకి అడ్డంగా ఒక వరస, దాని వెనక ఇంకొకటి. చెమట చొక్కాలు, నంబరు ముక్కలు, గడ్డాలు పైకెత్తి మహారాజుల్లా అడుగు మీద అడుగు వేసుకుంటూ ఊరేగారు. వాళ్ళ వెనక ఇరుక్కున్న జర్మనీ ఆయన గడియారం చూపించి ఏడ్చినంత పని చేశాడు. ఒక ముసలావిడ వంటింటి ఆప్రన్‌తోనే రోడ్డెక్కి వరసలో దూరింది.

మారథాన్ తరఫున మా మీద ఉండే మార్తగారు పరుగెత్తుకొచ్చింది. ఆ దారి ముక్కలో అసలు పరుగెత్తింది ఆవిడొక్కతే.

"రఫెల్ గారూ, పరుగుకి వాయించే పాటేనా ఇది?"

"కాళ్ళు వాళ్ళవి, పాట మాది," అన్నాడు నాన్న, తిరిగి చూడకుండా.

ఇంతలో ఆ చోటు వచ్చింది. నాన్న కర్ర దించాడు. బ్యాండు ఆగింది. డోలు, వేల బూట్ల చప్పుడు, అంతే. నాన్న ఈసారి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ కాసేపూ అలాగే ఉన్నాడు. గోడ లోపలినుంచి ఏమీ రాలేదు. మళ్ళీ కర్ర ఎత్తాడు.

పాట అయ్యాక నేను మార్తగారిని బతిమాలుకున్నాను, లాటరీలో మాకు ఈ చోటు పడడం మా దురదృష్టం, మా నాన్నకి ఈ మఠంతో పాత గొడవ, మనసు బాలేక వాయించాడని.

"లాటరీ ఏంటి బాబూ," అందావిడ. "దారి ఖాయమైన రోజే మీ నాన్నగారు ఫోన్ చేశారు. ఆ గోడ పక్కే కావాలన్నారు. అక్కడ నీడ బాగుంటుందట."

అక్కడ నీడ లేదు అత్తయ్యా. మిట్టమధ్యాహ్నం దాకా ఎండ మొహాన కొడుతుంది.

ఆ తర్వాత బ్యాండుకి దాహం వేసింది. నీళ్ళు లేవు. నాన్న చుట్టూ చూశాడు, వీధిలో కొట్లన్నీ మూసి ఉన్నాయి, తెరిచి ఉన్నది మీ పెట్టె ఒక్కటే, దాని ముందు పరుగెత్తేవాళ్ళు కమలా ముక్కల కోసం నిలబడ్డారు. నాన్న వెళ్ళి వరస చివర నిలబడ్డాడు, బ్యాండు మాస్టారు కోటు గుండీలు పెట్టుకుని. అక్కడినుంచి నాకు వీపు తప్ప ఏమీ కనబడలేదు. చాలాసేపటికి నీళ్ళ కూజాలతో తిరిగొచ్చాడు. కోటు ముందంతా తడిసిపోయి ఉంది. నీళ్ళు ఒలికాయన్నాడు.

ఏం జరిగింది?

నెలో

*

మఠం నుంచి,
సోమవారం.

నెలో,

పొద్దున నువ్వు పెట్టెలో పెట్టి వెళ్ళిన ఉత్తరం చదివాను. ఏం జరిగిందో చెప్తాను. మధ్యలో నా మాటలు తడబడితే ఏమనుకోకు, నిన్నటినుంచి నిద్రలేదు.

పాట విన్నాను. ఆ చోటు వచ్చినప్పుడు నా వేళ్ళు కమలా తొక్కల మీద వాటంతటవే కదిలాయి. అంతే చేయగలిగాను. సిస్టర్ బెనెత పక్కనే ఉంది, నా మోచెయ్యి పట్టుకుంది.

తర్వాత పెట్టె దగ్గరికి మనుషులు వస్తూనే ఉన్నారు. నీకు తెలుసుగా, ముందు నేను అనాలి, 'నిర్మల మరియమ్మకు వందనం' అని. అవతలివాళ్ళు 'పాపమంటక పుట్టిన తల్లికి' అంటేనే పెట్టె తిరుగుతుంది. రొప్పుతూ, ఏడుస్తూ, ఏ దేశపు యాసలోనో అందరూ ఏదో ఒకటి అన్నారు. ఒకతనికి మాట రాక ముందు వాంతి వచ్చింది. తిప్పాను.

ఒకసారి వందనం చెప్పాను, జవాబు రాలేదు. మళ్ళీ చెప్పాను. చెక్క అవతల ఎవరో ఉన్నారని తెలుస్తోంది. కమలా నూనె వాసన. కమలాలు నా దగ్గరే ఉన్నాయి, కానీ ఆ వాసన వేరు.

"పాపమంటక పుట్టిన తల్లికి," అన్నాడు. ఆ గొంతు ముసలిదైపోయింది నెలో. తర్వాత, "నీళ్ళు కావాలి," అన్నాడు.

"ఎంతమందికి?"

"బ్యాండు మొత్తానికి."

కూజాలు పెట్టాను. తిప్పలేదు. తిప్పితే వెళ్ళిపోతాడు.

"డోలు నిదానమైపోయింది," అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత నా నోటివెంట అదా రావలసింది. అదే వచ్చింది.

"క్లారినెట్ లేకపోతే డోలు అలాగే ఈడుస్తుంది."

"ఎవరికైనా ఇవ్వలేకపోయావా ఆ ముక్క?"

"ఇవ్వలేదు."

వెనక ఎవరో కమలా ముక్క కోసం తొందరపెట్టారు. "ఆగవయ్యా, నీకేం తొందర," అన్నాడు మీ నాన్న, మారథాన్ పరుగెత్తేవాడితో.

"చెప్పి వెళ్ళాల్సింది," అన్నాడు తర్వాత.

"చెప్తే ఏడుస్తావని."

"ఏడిస్తే ఏడుస్తాను. ఏడవనివ్వాల్సింది."

"అవును అన్నయ్యా. నాదే తప్పు."

ఆ తర్వాత వినిపించిన చప్పుడు నేను నీకు రాయను. మీ నాన్న కోటు మీద ఒలికింది నీళ్ళే అనుకో.

అప్పుడు చెప్పాను, వెళ్ళిపోతున్నామని. ముందు వచ్చాడు కదా, ఇప్పుడు చెప్పొచ్చు.

"ఎక్కడికి?"

"గలీసియా."

"అక్కడ బ్యాండు ఉందా?"

"అక్కడ తోలు తిత్తి వాయిద్యం ఊదుతారట."

"తిత్తా," అన్నాడు. అంత బాధగా ఎవరైనా ఆ మాట అనడం నేను వినలేదు. "గురువారం కటకటాల గది తెరుస్తారా?"

"తెరుస్తాం."

"వస్తా," అన్నాడు. పెట్టె తిప్పాను.

అత్తయ్య

*

బెనిఫోస్,
క్రిస్మస్ ముందువారం.

అత్తయ్యా,

నాన్న గురువారాలు వస్తూనే ఉన్నాడు కాబట్టి నీకు నాకంటే ఎక్కువ తెలుసు. కానీ ఇది చెప్పి ఉండడు.

పోయిన శుక్రవారం రిహార్సలుకి నాన్న అలమారాలోంచి పాత క్లారినెట్ స్వరాల కాయితం తీసి, పదహారేళ్ళ పిల్ల, బేకరీ వాళ్ళ చిన్నమ్మాయి రెమెయ్ ముందు పెట్టాడు. "నిశ్శబ్దం దగ్గర ఇది వాయించు," అన్నాడు. బ్యాండంతా గగ్గోలు పెట్టింది. "మాస్టారూ, పాట చెడగొట్టకండి." "ఆ నిశ్శబ్దమే మన పాటకి ప్రాణం." ఊరి పెద్దలు ఇద్దరు వచ్చి సంప్రదాయం గురించి ఉపన్యాసం ఇచ్చారు. పాట రాసినవాడి ఆత్మ క్షోభిస్తుందని ఒకాయన అన్నాడు. నాన్న అందరి మాటా విని, "గట్టిగా ఊదకమ్మా, చెప్పు," అన్నాడు ఆ పిల్లతో.

ఆ పిల్ల చెప్పింది. కెలో తాత డోలు కాస్త వేగం పెరిగింది. మిగతావాళ్ళు ఎటు చూడాలో తెలీక బూట్ల వంక చూసుకున్నారు. ఆల్కమోరా వాళ్ళు మాత్రం తమ నిశ్శబ్దాన్ని వదులుకునేది లేదని ప్రకటించారు. ఉంచుకోనీ.

మిమ్మల్ని గలీసియా దాకా తీసుకెళ్ళే బండి కూడా నాన్నే మాట్లాడుతున్నాడు. మాట్లాడటమంటే, కమలాల వ్యాన్‌లో సీట్లు బిగిస్తున్నాడు. సిస్టర్ బెనెతకి కిటికీ పక్కన కావాలట కదా, బిగించేశాడు. దారి పొడుగునా పాటలు పెడతాడు, ఓర్చుకోండి. ఏప్రిల్‌లో మళ్ళీ వస్తానని, ఆ తిత్తి ఊదేవాళ్ళ సంగతేంటో చూస్తానని అంటున్నాడు.

ఇక నా మొదటి ఉత్తరంలో చేసుకున్న నేరాంగీకారాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. గ్రీసు నా తప్పు కాదు. ఊరు చదునుగా ఉండడం నా తప్పు కాదు. చెడ్డీలు నేను కుట్టలేదు. దారి నేను మార్చలేదు, గోడ పక్క చోటు నేను అడగలేదు, ఆ పాట నేను వాయించమనలేదు. నీకిచ్చిన మాట తప్పలేదు. నాన్న తనంతట తానే ఇన్నేళ్ళ దూరం నడిచి మీ తలుపుకి పదడుగుల దూరంలో వచ్చి నిలబడ్డాడు. అక్కడ ఆగిపోయాడు.

నేను నిజంగా చేసింది ఒక్కటే. మారథాన్ వాళ్ళు బ్యాండుకి నీళ్ళు పంపారు. సీసాల పెట్టెలు, బోలెడు. పాట మధ్యలో నిశ్శబ్దం వచ్చినప్పుడు నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడని రాశాను కదా. అప్పుడు నా బాకాకి పని లేదు. ఆ పెట్టెలన్నీ తోపుడుబండి మీద పెట్టి, పాట అయ్యాక వీధి మలుపు తిప్పేసి, అక్కడ వాయిస్తున్న బ్యాండుకి దానం చేసి వచ్చాను.

అది ఆల్కమోరా వాళ్ళ బ్యాండు. నాన్న నిన్ను క్షమించాడేమోగాని, ఇది తెలిస్తే నన్ను క్షమించడు. పెట్టె తిప్పేటప్పుడు నోరు జారకు.

నీ మేనల్లుడు,
నెలో